ఎడమ జేబులో కార్డు

మా బస్సు డిపోలో నన్నందరూ మైకు అంటారు. నేను చేసేది రికార్డుల గదిలో గుమాస్తా పని. బస్సుల మరమ్మతు కాగితాలు తేదీల వారీగా కట్టలు కట్టి అరల్లో పెట్టడం, ఎవరైనా అడిగితే దుమ్ము దులిపి తీసివ్వడం. ఆ పనికి నోరు అక్కర్లేదు. కానీ డిపోలో ఎవరు రిటైరైనా, ఎవరికి బదిలీ అయినా, చివరికి ఎవరు పోయినా నాలుగు మాటలు మాట్లాడాల్సింది నేనే. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు. సంతాప సభలో కూడా నేను మాట్లాడితే జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతారని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం. అబద్ధమెందుకు, చాలా ఇష్టం.

నాకొక పద్ధతి ఉంది. చెప్పాల్సిందంతా ఒకే కాగితం మీద రాసుకోను. బండి లోపాలు, మరమ్మతులు రాసే పాత జాబ్ కార్డుల వెనకవైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి, వాటిని పేకముక్కలంత కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో సంగతి రాసుకుంటాను. సభ మొదలయ్యే ముందు తలుపు పక్కన నిలబడి, లోపలికి ఎవరెవరు వస్తున్నారో చూస్తాను. డ్రైవర్లు ఎక్కువుంటే జోకులు పైకొస్తాయి. పై ఆఫీసు వాళ్ళు వస్తే క్రమశిక్షణ పైకొస్తుంది. ఇంటివాళ్ళు వస్తే కళ్ళు చెమర్చే సంగతి ఆఖరికి వెళుతుంది. చెప్పేవి కుడి జేబులో, ఆ రోజు జనానికి పనికిరానివి ఎడమ జేబులో. నా ఎడమ జేబులో ఏముందో తెలిస్తే సగం డిపో ఉద్యోగాలు పోతాయని డ్రైవర్లు ఆటపట్టిస్తారు.

ఇది ఊరికే అబ్బిన విద్య కాదు. కొత్తలో ఒక మేనేజరు వీడ్కోలు సభలో, ఆయన మీటింగుల్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కునుకు తీసే సంగతి చెప్పాను. ముందురోజు టీ కొట్టు దగ్గర డ్రైవర్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్విన ముక్క అది. సభలో మేనేజరు భార్య నవ్వలేదు. ఆయన అత్తగారు మాత్రం నవ్వింది. అది ఇంకా ప్రమాదం. వెళ్ళిపోయే మేనేజరు వెళ్ళిపోతూ నా గురించి వచ్చే మేనేజరుకి ఏం చెప్పాడో గానీ, ఆ ఏడాదంతా నాకు సెలవు దొరికితే ఒట్టు. అప్పటినుంచి ముందు వరస చూడందే నోరు తెరవలేదు.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు. అదే డిపోలో బ్రేకుల సెక్షనులో పెద్ద మెకానిక్కు. నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఆయన మాట మీదే. కంప్రెసరు మోత పక్కన ఏళ్ళ తరబడి పనిచేసి ఎడమ చెవికి వినికిడి పోగొట్టుకున్నాడు. ఎవరైనా మాట్లాడుతుంటే కుడి చెవి అటు తిప్పి కూర్చుంటాడు. తిప్పలేదంటే ఆ మాట వినడం ఇష్టం లేదని మా ఇంట్లో లెక్క.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు నెలలకి ఒక బండి ఏటవాలు రోడ్డు మీద బ్రేకు పడక వెళ్ళి గోడకి గుద్దుకుంది. ఆరుగురికి దెబ్బలు. డ్రైవరుకి కుడి కాలు తీసేశారు. ముందురోజు సాయంత్రం ఆ బండిని చూసింది మా బావ. చూసి, జాబ్ కార్డు మీద స్పష్టంగా రాశాడు: "బ్రేకు పైపు పగిలింది. మార్చేదాకా బండి బయటికి పంపకూడదు." కింద సంతకం. పొద్దున మూడు బండ్లు తక్కువ పడితే సూపర్‌వైజరు ఆ బండిని బయటికి పంపేశాడు. ప్రమాదం కబురు వచ్చిన పది నిమిషాలకి ఆయనే నా గదికి వచ్చి ఆ కార్డు ఇమ్మన్నాడు. తీశాను, చదివాను, ఇచ్చాను. మళ్ళీ ఆ కార్డు కంటికి కనపడలేదు. విచారణలో, మెకానిక్కు లోపం రాయలేదని తేల్చారు.

ఆ రాత్రి అక్కావాళ్ళింటికి పరిగెత్తాను. రేపే వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానన్నాను. బావ మెట్ల మీద కూర్చుని సావధానంగా విన్నాడు.

"ఒరేయ్, కార్డు లేకుండా నీ మాట ఎవడు నమ్ముతాడు? బావమరిది కాబట్టి బావని వెనకేసుకొస్తున్నాడంటారు. నాకెలాగూ తప్పదు. ఇద్దరం ఒకేసారి రోడ్డున పడితే రెండిళ్ళూ ఎవరు చూస్తారు? ఊరుకో."

"మరి నీ పేరు?"

"ఎక్కడికి పోతుంది? నేను దిగిపోయే రోజున నలుగురిలో నిలబడి చెబుదువుగానిలే."

ఆ మాట వినగానే నా గుండెల మీంచి బండ దించినట్టయింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

బావని టైర్ల సెక్షనుకి మార్చారు. బ్రేకులు విప్పి చూడకుండానే, నడిచే బండి చప్పుడుని బట్టి లోపం చెప్పగల మనిషి, ఇరవై ఒక్క ఏళ్ళు టైర్లకి గాలి కొట్టాడు. పై మెట్టు ఎక్కలేదు. పైగా వెనకాల "బ్రేకు" అని పేరొకటి. మొదట్లో దెప్పడానికి పెట్టినవాళ్ళు తర్వాత తర్వాత రిటైరయిపోయారు, పేరు మాత్రం మిగిలింది. కొత్తగా చేరినవాళ్ళు అదేదో గౌరవమనుకుని "బ్రేకు గారూ" అని ముఖం మీదే పిలిచేవాళ్ళు. బావ పలికేవాడు. అక్కకి మాత్రం అలవాటు కాలేదు. ఒకసారి కూరగాయల దుకాణంలో ఎవరో "ఆవిడే, బ్రేకు వాళ్ళావిడ" అనడం విని, ఆ రోజు నుంచి మూడు వీధులు చుట్టు తిరిగి వేరే దుకాణానికి వెళ్ళింది.

బావ దిగిపోయే రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం రెండు గ్లాసుల టీ పట్టుకుని నా గదికి వచ్చాడు. ప్రమాదం తర్వాత ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి. అరల వైపు చూడకుండా కూర్చున్నాడు.

"గుర్తుందా?" అన్నాడు.

"ఎందుకు లేదు బావా."

"చెబుతావా మరి?"

"చెబుతాను."

"అదొక్కటీ చెప్పు చాలు. జోకులు ఎన్ని వేసుకుంటావో నీ ఇష్టం." టీ తాగి, రెండు గ్లాసులూ తనే పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ కార్డు రాయడానికి నాకు వారం పట్టింది. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. "ఆ బండి బ్రేకు పాడైందని మా బావ ముందురోజే రాసి సంతకం పెట్టాడు. ఆ కార్డు నేను చదివాను. నా చేతులతోనే తీసి ఇచ్చాను, తర్వాత అది కనపడలేదు." ఎవరికి ఇచ్చానో రాయలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా. ఇంట్లో మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ రెండోసారి చదవమంది. రెండోసారి విని, "ఇన్నాళ్ళకి," అంది.

మా డిపో ఎప్పుడూ ఆగదు. పొద్దుటి షిఫ్టు వాళ్ళ ముఖం మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు చూడరు. ఎవరైనా రిటైరయిన రోజున మాత్రం షిఫ్టు మారే వేళ అరగంట అందరూ భోజనాల హాల్లో కూర్చుంటారు. డిపో మొత్తం ఒక్కచోట చేరేది ఆ అరగంటే. ఒక మనిషికి అలాంటి అరగంట ఉద్యోగం మొత్తంలో ఒక్కసారే వస్తుంది.

ఆ రోజు తొందరగా వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. వేదిక అంటే రెండు చెక్క బల్లలు కలిపి పైన దుప్పటి పరిచినది. బావ ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు. కాసేపటికి లేచి, తన కుర్చీని వాటంగా మైకు వైపు జరుపుకున్నాడు, కుడి చెవి ఇటు వచ్చేలా. చూశాను. ఫోటోలకి అడ్డం రాకుండా జరిగాడనుకున్నాను. అక్క రెండో వరస చివర కూర్చుంది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, ఊడ్చేవాళ్ళు అందరూ వచ్చారు. అంతా బాగానే ఉంది. కార్డు కుడి జేబులో ఉంది.

అప్పుడొచ్చాడు, ఆనాడు నా దగ్గర కార్డు తీసుకెళ్ళిన పాత సూపర్‌వైజరు. డెబ్భై అయిదు దాటిన మనిషి. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి కూతురి చేతిలో. రిటైరయ్యాక డిపో మొహం చూడనివాడు ఈ రోజే ఎందుకొచ్చాడో అర్థం కాలేదు. మేనేజరు ఎదురెళ్ళి ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. ముసలాయన కర్రని మోకాళ్ళ మధ్య ఆనించుకున్నాడు. కూతురు మంచినీళ్ళ సీసా మూత తీసి అందించింది.

నేను ముందు వరస చూశాను. చూసి, ఎప్పుడూ చేసే పనే చేశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పేరు చెప్పకపోయినా ఆ మూడు వాక్యాలు వింటే ఆయన ముఖం ఏమవుతుందో ఊహించుకున్నాను. పక్కనే కూతురు. పెద్ద వయసు. అతిథిగా వచ్చిన మనిషి. సమయం సందర్భం చూసుకుని మాట్లాడాలని కదా నేనే అందరికీ చెబుతుంటాను. ఇంకోసారి, ఇంకోచోట చెప్పొచ్చులే అనుకున్నాను. కార్డు కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టాను. అర నిమిషం కూడా పట్టలేదు.

ముందు మేనేజరు మాట్లాడాడు. వచ్చి ఏడాదే అయింది, పాత సంగతులు తెలియవు. "మన బ్రేకు గారు బ్రేకుల్లేకుండా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు," అన్నాడు ప్రేమగానే. హాలంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. అక్క మాత్రం ఒళ్ళో చేతులు చూసుకుంది. అప్పుడు నా చెయ్యి ఎడమ జేబు మీదికి వెళ్ళింది కూడా. వెళ్ళి, తిరిగొచ్చింది.

నేను బాగా మాట్లాడాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదేమో. "ఇంజన్లో చీమ నడిచినా వినిపించే మా బావకి, వంటింట్లోంచి మా అక్క పిలిస్తే వినపడదు. అది చెవుడు కాదండీ, అనుభవం," అంటే కుర్చీలు కదిలేలా నవ్వారు. ఒక డ్రైవరు ఈల వేశాడు. ముందు వరసలో మేనేజరు తొడ చరుచుకున్నాడు. ముసలాయన మాత్రం నవ్వకుండా, నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి సరిగ్గా వినపడటం లేదేమో అనుకుని గొంతు పెంచాను కూడా.

చివర్లో బావని మాట్లాడమన్నారు. లేచాడు. మైకు దగ్గరికి వచ్చాడు. "చెప్పాల్సిందంతా మా మైకు చెప్పేశాడు. ఇక నేను చెప్పేదేం లేదు," అని కూర్చున్నాడు. ఆ వినయానికి ఇంకోసారి చప్పట్లు కొట్టారు. గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. అరగంట అయిపోయింది. బయట బస్సులు స్టార్టు చేసిన చప్పుడు వినపడింది.

టీ ఇచ్చే చోట అక్క నా పక్కకి వచ్చింది.

"ఆ ముక్క ఏదిరా?"

"అక్కా, ముందు వరసలో ఆయన కూర్చున్నాడు కదా. బాగుండదని..."

"నీ చేతిలో కాగితాలు అయిపోయేదాకా చూశాను. ఆఖరి కాగితం అదే అయి ఉంటుందనుకున్నాను," అంది. టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర ముసలాయన కారు కోసం నిలబడి ఉన్నాడు. నేను నమస్కారం పెట్టి తప్పించుకోబోతే కర్ర అడ్డం పెట్టాడు. కూతురు కారు వెనక్కి రప్పించడానికి రోడ్డు మీదికెళ్ళింది.

"ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

"ఏంటండీ?"

"మీ బావ మా ఇంటికొచ్చి మరీ పిలిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మీరేం మాట్లాడక్కర్లేదు, మావాడు చెబుతాడు, మీరు అక్కడ కూర్చుంటే చాలు అన్నాడు." ఆయనకి ఆయాసం వచ్చింది. ఆగి మళ్ళీ అందుకున్నాడు. "నా నోటితో చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఇప్పుడు మాత్రం ఎక్కణ్ణుంచొస్తుంది? మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఆ సగమైనా ఇచ్చి పోదామని వచ్చాను. మా అమ్మాయి కూడా వింటుందని వెంట తీసుకొచ్చాను. నువ్వేమో చీమల గురించి చెప్పావు."

అప్పటికి కారు వచ్చి ఆగింది.

"పై వారం మా అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నాను. ఇక ఇటు రాను," అని ఆయన కారెక్కాడు.

ముందు వరసని చదవడంలో నా అంతవాడు లేడనుకునేవాణ్ణి. ఆ వరసలో, ఆ మాట వింటే తట్టుకోలేడని నేననుకున్న మనిషి, నేను చెప్పాలని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మా బావ నాకోసం సభని ముందే సిద్ధం చేసి పెట్టాడు. ఎవరు వినాలో వాళ్ళని ఇంటికెళ్ళి పిలిచి, కాదనేవాడు లేకుండా చేసి, తన చెవి ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. నేను చెయ్యాల్సిందల్లా ఒక కార్డు చదవడం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలాగో ఆ తర్వాతి పది రోజుల్లో నేర్చుకున్నాను. మేనేజరు దగ్గరికెళ్ళి షిఫ్టు మారేటప్పుడు అయిదు నిమిషాలు ఇమ్మన్నాను. "ఆయన దిగిపోయారు కదండీ, ఇప్పుడెందుకు?" అన్నాడు. అందులో తప్పేం లేదు. క్యాంటీన్లో డ్రైవర్లని పోగేసి మొదలుపెట్టాను. ఆ బండి బ్రేకు పాడైందని మా బావ ముందురోజే రాశాడని చెబుతుంటే, నలుగురూ చిరునవ్వు ముఖాలు పెట్టుకుని జోకు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. నేను ఆగగానే ఒకడు, "తర్వాత?" అన్నాడు. తర్వాత ఏమీ లేదన్నాను. "ఏంటి మైకూ, ఈ మధ్య పస తగ్గింది," అని భుజం తట్టి బండి ఎక్కాడు. ఇరవై ఏళ్ళు నవ్వించిన నోరు. దాన్నుంచి నిజం వచ్చినా నవ్వడానికే సిద్ధంగా ఉన్నారు.

పదకొండో రోజు సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావ వంటింట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. అక్క పొయ్యి దగ్గర ఉంది. బహుమతి గడియారం గోడకి తగిలించారు, అప్పుడే మూడు నిమిషాలు వెనక నడుస్తోంది.

"రారా మైకూ," అన్నాడు బావ. గొంతులో ఏ కోపమూ లేదు. ఉంటే బాగుండేది.

నేను ఆయన ముందు ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాను. ముసలాయన గేటు దగ్గర చెప్పిందంతా చెప్పాను. నువ్వు పిలిచావని నాకు తెలియదు బావా అన్నాను. నాకొక్క మాట చెప్పి ఉంటే అని కూడా అనబోయి, ఆ మాట మింగేశాను. ఆయన నాకు చెప్పాల్సింది రికార్డుల గదిలోనే చెప్పాడు.

"తప్పయిపోయింది. ఇప్పుడు చదువుతాను, విను," అని కార్డు తీశాను.

"చదువు," అన్నాడు.

చదివాను. మూడు వాక్యాలే. ఈసారి ఎవరికిచ్చానో కూడా కలిపి చదివాను. చదువుతున్నంతసేపూ ఆయన చేతులు చిక్కుడుకాయలు తుంచుతూనే ఉన్నాయి. రెండో వాక్యం దగ్గర తలెత్తి చూశాను. నా వైపు ఉన్నది ఎడమ చెవి. తిప్పుకోలేదు.

అయిపోయింది. అక్క పొయ్యి మంట తగ్గించింది.

"ఇది నాకు తెలుసు కదరా," అన్నాడు బావ మెల్లగా. "మీ అక్కకి తెలుసు. నీకు తెలుసు. తెలిసినవాళ్ళకి చెప్పడానికి ఇంత దూరం రావాలా?"

నేను తల వంచుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన పళ్ళెం పక్కన పెట్టి, నా చేతిలోంచి కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి చూశాడు. దాని వెనక ఏదో పాత బండి మరమ్మతు వివరాలు సగానికి కత్తిరించి ఉన్నాయి. ఎవరో మెకానిక్కు సంతకం, అదీ సగమే. బావ ఆ సగం సంతకం మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"ఇలాంటివి కత్తిరించకురా," అన్నాడు. "ఎవడికైనా ఎప్పుడైనా అవసరపడతాయి."

కార్డు నాకు తిరిగిచ్చి, చిక్కుడుకాయల పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.